రెండో పిలుపు దాకా

మా అమ్మ, అదే మా అవ్వ, పోయిందన్న కబురు చెప్పింది పక్కింటి ముస్లిం పిన్నమ్మ, మా ఖాలా. నేను కరీంనగర్‌లో పాఠాలు చెప్పే బడికి పోయే తొందరలో ఉన్నాను, జడ సగమే అల్లుకున్నాను. ఫోనెత్తగానే, "బిడ్డా, జల్ది రా. మీ అవ్వ ఇప్పచెట్టు కింద కూసున్నది కూసున్నట్టే పాణం ఇడిసింది" అంది. ఇంకో మాట లేకుండా పెట్టేసింది. బెల్లంపల్లి దాకా ఆ సగం జడతోనే బస్సులో వెళ్ళాను. దారిపొడుగునా ఏడుపు రాలేదు. మా అవ్వ కూర్చోవడమేమిటన్న దగ్గరే నా బుద్ధి ఆగిపోయింది.

నేను చేరేసరికి ఆమెను ఇంట్లోకి తెచ్చి పడుకోబెట్టారు. కొంగులో మూటగట్టిన ఇప్పపువ్వు అట్లాగే ఉంది. విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదట. గదంతా ఆ తీపి మత్తువాసన. ఇంటర్ పరీక్షలు అయిపోయి సెలవులకని అమ్మమ్మ దగ్గరికి వచ్చిన నా బిడ్డ గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. వీధి వైపే చూస్తూ, "ఓ, వస్తున్న" అంది.

"ఎవరికి పలుకుతున్నవే?" అన్నాను.

"పిలుస్తున్నరు గదమ్మా."

వీధిలో ఎవరూ లేరు. ఎదురింటి అరుగు కింద ఓ మేక పడుకుని ఉంది, అంతే. ఎండ అప్పటికే మండుతోంది.

ఆ బిడ్డ ఎందుకట్లా అయిందో చెప్పాలంటే ముందు మా అవ్వ ఎట్లాంటి మనిషో చెప్పాలి.

మా బాపుది బొగ్గుబాయిలో పని. దిగితే షిఫ్టు అయ్యేదాకా చీకటే. అవ్వది దానికి సరిగ్గా ఎదురు. పొద్దు పొడిచిందంటే ఇంట్లో నిలబడేది కాదు. కాలనీ దాటితే గుట్ట, గుట్టకు ఇటు టేకు చెట్లూ ఇప్పచెట్లూ, ఆ తోపుకు అటు చివర వాగు. వానాకాలం పుట్టగొడుగులకనీ బోడకాకరకనీ, ఎండాకాలం మొర్రిపండ్లకనీ తునికిపండ్లకనీ, ఏ కాలమూ కాకపోతే కట్టెలకనీ బయలుదేరేది. కట్టెలు ఇంటి వెనక గుట్టలుగా పడి ఉన్నా సరే. "ఊకె తిరుగుతవేందే?" అని చుట్టాలు దెప్పితే, "మా ఆయనకు ఎండ దొరకదు. ఆయన వంతు ఎండ గూడ నేనే తింటున్న" అనేది. బాపు వినీ విననట్టు బీడీ వెలిగించుకునేవాడు, కానీ మీసం కింద నవ్వు కనబడేది.

పెళ్ళిళ్ళలో కూర్చోబెడితే కూర్చునేది కాదు, వంటలవాళ్ళ దగ్గర గరిటె లాక్కునేది. చర్చిలో కూడా తలుపు పక్కనే ఆమె చోటు. చివరి పాట మొదలయ్యేసరికి ఒక కాలు బయట ఉండేది. బాపు పోయాక, ఒంటరిగా ఉంటోంది కదా అని నేను వసారాకు ఇనుప జాలీ బిగించాను. వచ్చి చూసింది. ఒక్క మాట అనకుండా దానికి తన గంప తగిలించింది, కొడవలి తగిలించింది, తడి చీర ఆరేసింది. సాయంత్రానికి అది జాలీలా లేదు, దండెంలా ఉంది. "బతికుండంగనే పెట్టెల పెడుతవా బిడ్డా? ఎట్లయిన పెడ్తరు గదా, అప్పటిదాక ఆగు" అంది. నాకు కోపమొచ్చింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నవ్వు వస్తుంది.

డెబ్బై దాటినా చెట్టెక్కేది. చూసినవాళ్ళు అరిస్తే, ఆ అరుపుకే కింద పడతానని పై నుంచే తిట్టేది.

ఇంత ధైర్యం గల మనిషికి అడవిలో ఒక కట్టడి ఉండేది. అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవనిచ్చేది కాదు. తోడు వచ్చినవాళ్ళు దూరమైతే నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి "కూ" అని కూత వేయాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. విన్నవాళ్ళు రెండో కూత వినబడ్డాకే "ఓ" అని పలకాలి. ఒక్కసారి వినబడి ఆగిపోయిన పిలుపుకు ఎట్టి పరిస్థితిలోనూ పలకకూడదు. అది వాళ్ళ అవ్వ నుంచి నేర్చిందట. నాకూ నేర్పింది. నేను పట్నంలో పిల్లలకు చదువు చెప్పేదాన్నయినా ఇప్పటికీ మొదటి పిలుపుకు నా నోరు లేవదు.

ఎందుకని ఒకసారి అడిగాను. "మనోళ్ళకు ఆగబట్టదు బిడ్డా. పలకకపోతె మల్ల పిలుస్తరు. తిట్టుకుంటనన్న పిలుస్తరు. ఒక్కపారి పిలిచి ఊకున్నదంటె అది మనది గాదు" అంది.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడనుకుంటాను, పుట్టగొడుగులకు వెళ్ళాం. వాన వెలిసి ఆకుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేనూ అవ్వా ఒకే పుట్ట దగ్గర వంగి ఉన్నాం. అప్పుడు వెదురుపొదల అవతల నుంచి "కూ" అని వినబడింది. సన్నటి గొంతు. నేను తలెత్తాను. అది అచ్చం నా గొంతు. నేను ఇక్కడుంటే అక్కడ నేనెట్లా పిలిచాననే అనుమానం కూడా రాలేదు, పలకబోయాను. మట్టి అంటిన అరచెయ్యి వచ్చి నోరు మూసింది. అట్లాగే ఉన్నాం. పిట్ట కూడా అరవలేదు. నీళ్ళు కారే చప్పుడు కూడా ఆగినట్టనిపించింది. రెండో పిలుపు రాలేదు. కాసేపటికి అవ్వ చెయ్యి తీసి, "పాయె. మనల్ని గాదు" అని మళ్ళీ పుట్టగొడుగులు తీయడంలో పడింది. మా ఇంట్లో ఆ రోజు కూర చాలా బాగుందని బాపు అన్నాడు. నాకు ముద్ద దిగలేదు.

ఈ కట్టడికి ఒక్కడే మినహాయింపు. మా బాపు. పొద్దుటి షిఫ్టు దిగి వాగు దాటి వచ్చేవాడు. వాగు ఒడ్డున కాసేపు కూర్చుని, లేచి ఒక్కసారి "కూ" అనేవాడు. ఎక్కడ ఉన్నా, ఏ చెట్టు మీద ఉన్నా, అవ్వ పొడుగ్గా "ఓ" అని పలికేది. పలికి దిగి వచ్చేది. నాకిది అన్యాయంగా తోచింది. నీ కట్టడి నువ్వే తప్పుతున్నావని నిలదీశాను.

"మీ బాపుకు రెండోదానికి దమ్ము లేదే" అంది. "బాయి తినేసింది. ఆ ఒక్కటి పిలుస్తందుకే ఒడ్డు మీద కూసోని దమ్ము తీసుకుంటడు. దానికి గూడ పలుకకపోతె నేనేం మనిషిని?"

నా పెళ్ళయిన మరుసటి ఏడు ఆ దమ్ము కూడా అయిపోయింది. మా సమాధుల తోట వాగు అవతల. అక్కడే పెట్టాం. ఆ తరువాత వాగు వైపు నుంచి అవ్వను పిలిచినవాళ్ళు లేరు.

ఆ కట్టడిని ఇంటికీ తెచ్చుకుంది. గడప బయట ఎవరైనా ఒక్కసారి పిలిచి చూస్తే లోపల ఉలుకూ పలుకూ ఉండదు. గ్యాస్ బండ తెచ్చినతను ఎన్నిసార్లు తిరిగిపోయాడో. సెల్‌ఫోన్ కొనిచ్చాక అది మరీ విపరీతమైంది. మొదటిసారి మోగితే చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చునేది. "మల్ల చేస్తె మనోళ్ళు" అనేది. చుట్టాలందరం రెండుసార్లు చేయడానికి అలవాటు పడిపోయాం.

మా అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు, ఓ ఆదివారం అందరి ముందూ దీని మీద ఆటపట్టించాడు. "దేవుడుండంగ నీకు గీ భయమేందమ్మా?" అన్నాడు.

"భయం గాదు అయ్యగారూ, పద్ధతి" అంది అవ్వ, తలుపు దగ్గర నుంచే. "బైబిల్ల గుడిల పండుకున్న ఆ పిలగాన్ని దేవుడు ఒక్కపారి పిలిచి ఊకున్నడా? మల్ల మల్ల పిలిచిండని మీరే చెప్తిరి గదా."

చర్చి అంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వి పుస్తకంలో తల దాచుకున్నాడు.

నా బిడ్డ ఈమె చేతిలో పెరిగిందనే చెప్పాలి. ప్రతి సెలవుకూ బెల్లంపల్లికే. నేను నీడపట్టున పెంచిన పిల్లను అవ్వ వాగులో ఈదించింది, చెట్లెక్కించింది, మోకాళ్ళు పగలగొట్టి పంపింది. కూత వేయడం కూడా నేర్పింది. కరీంనగర్‌లో మేడ మీద నుంచి అది "కూ, కూ" అంటే కింద వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. నాకు సిగ్గయ్యేది. లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా.

అవ్వ పోయిన నాటి తెల్లవారుజామున ముగ్గురు వెళ్ళారు. అవ్వా, ఖాలా, నా బిడ్డ. ఇప్పపువ్వు తెల్లారే ముందు రాలుతుంది. చెట్టు కింద ఆకులు ముందే కాల్చి నేల నల్లగా చేసి ఉంచుతారు, దాని మీద పువ్వు తెల్లగా కనబడుతుంది. ఎలుగుబంట్లకూ ఆ పువ్వంటే ప్రాణం కాబట్టి ఒకరికొకరు కూతేస్తే వినబడే దూరంలోనే ఉంటారు. అవ్వ గుట్ట పక్క చెట్టు కింద, ఖాలా బాట పక్క చెట్టు కింద, నా బిడ్డ మధ్యలో. మంచు పొగ, కాల్చిన ఆకుల పొగ కలిసి మనిషికి మనిషి కనబడటం లేదట.

"కూ" అని ఒక్కటి వినబడింది. నా బిడ్డ పువ్వు ఏరుతున్న చెయ్యి ఆపింది. అమ్మమ్మే అనుకుంది. నేర్పినట్టే రెండోదాని కోసం చూసింది. రాలేదు. రాకపోయేసరికి భయం పట్టుకుంది. చున్నీ తీసి చెవులకు బిగించి చుట్టుకుని, తల వంచుకుని ఏరుతూనే ఉంది. వెలుగొచ్చాక గంప ఎత్తుకుని గుట్ట పక్కకు వెళ్ళింది. అవ్వ చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చుని ఉంది. తల కొంచెం పక్కకు వంచి, ఏదో వింటున్నట్టు. తల మీదా భుజాల మీదా పువ్వు రాలి ఉంది. నా బిడ్డ రెండుసార్లు పిలిచింది. ఇంకా చాలాసార్లు పిలిచింది.

డాక్టరు చెప్పాడు, గుండె ఒక్కసారిగా ఆగింది, పక్కనే ఎవరున్నా చేసేదేమీ లేదని. అదే మాట నేను బిడ్డకు ఎన్ని విధాల చెప్పానో. అది వినదు. "నన్నే పిలిచింది. రెండోపారి పిలువ పాణం లేకుండె. నేను పలుకలే" అంటుంది. ఇదొక్కటే మాట. ఆ కట్టడి తెలియని పిల్లయితే పరుగెత్తేది. మా ఇంటి పిల్ల కాబట్టి ఆగింది. ఎవరిని అనాలి?

అప్పటి నుంచి అది ప్రతిదానికీ పలకడం మొదలుపెట్టింది. కూరగాయల బండి అరుపుకు "ఓ". పక్కింట్లో ఎవరో ఎవరినో పిలిస్తే "ఓ, వస్తున్న". టీవీలో మనిషి పిలిస్తే లేచి నిలబడేది. కోయిల కూస్తే కిటికీ దగ్గరికి పరుగు. మొదటి పిలుపు పూర్తి కాకముందే పలికేది. ఏమీ వినబడనప్పుడు కూడా పలికేది, అదీ నన్ను భయపెట్టింది. అన్నం ముందు కూర్చుని ఒక్కసారిగా గోడ వైపు తిరిగి "ఓ" అంటే, నేను గోడను చూడలేక కంచాన్ని చూస్తూ కూర్చునేదాన్ని. తల్లి పోయిన దుఃఖం నేను తీరుబడిగా పడనే లేదు. బిడ్డ కూడా చేజారిపోతోందని దడ.

అవ్వ జ్ఞాపకార్థం ప్రార్థన కూడిక పెట్టిన రోజు నా బిడ్డ అయ్యగారిని పట్టుకుంది. "అయ్యగారూ, గుడిల పండుకున్న ఆ పిలగాడు మొదటిపారి పిలిస్తె పలికిండా?"

ఆయన చెయ్యి కడుక్కుంటూ, ఏమీ ఎరగకుండా, "పలికిండు తల్లీ. పిలిచినప్పుడల్లా లేచి ఉరికిండు" అన్నాడు. దాని మొహం చూశాక నాలిక కరుచుకున్నాడు. మంచివాడే. అబద్ధం చేతకాని మంచివాళ్ళతోనే నాకు చిక్కు.

ఖాలా అప్పుడే గిన్నెలు తీస్తోంది. ఆమె భర్తా మా బాపూ ఒకే బాయిలో దిగినవాళ్ళు, అవ్వా ఆమే ఒకే పొయ్యి మీద వండుకున్నంత దగ్గర. నా బిడ్డ ఏడుస్తూ వెనక గదిలోకి వెళ్ళిపోతే నన్ను పట్టుకుని, "గీ పొల్ల ఏమంటున్నది? ఏం పిలుపు?" అని అడిగింది. అంతవరకు ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాను. గిన్నె కింద పెట్టింది. తరువాత నేరుగా గదిలోకి వెళ్ళి నా బిడ్డ పక్కన కూర్చుంది.

"నువ్వు ఒక్కటే విన్నవా? నేను రెండు విన్న" అంది.

నా బిడ్డ తలెత్తింది.

"పిలుపు వాగు దిక్కుకెల్లి వచ్చింది. మీ అమ్మమ్మ ఎటుండె? గుట్ట దిక్కు. వాగు దిక్కుకెల్లి ఎట్ల పిలుస్తది? నువ్వు చెవులు కట్టుకున్నవు, నేను కట్టుకోలే. ఆ కూత ఆగినంక గుట్ట దిక్కుకెల్లి నీ అమ్మమ్మ పలికింది. 'ఓ' అని, పొడుగు. నేను ఎన్నేండ్లు విన్న గొంతు అది, మరుస్తనా? ఒక్క పిలుపుకు పలికిందేందని నాకే పరేషానయింది."

"మరెవరు పిలిచిండ్రు?" అంది నా బిడ్డ.

ఖాలా నా వైపు చూసింది. వాగు వైపు నుంచి, ఒకే ఒక్క కూత.

"ఎవరైతేంది బేటీ" అంది ఖాలా, దాని తల నిమురుతూ. "ఆమెది ఆమెకు వచ్చింది, ఆమె పలికింది. నీది గాని పిలుపుకు నువ్వెందుకు పలుకుతవు? మీ అయ్యగారు ఏమంటరో అని నేను నోరు తెరువలే. గీ పొల్ల గిట్ల ఫికర్ జేస్తున్నదని ఎరుకుంటె అప్పుడే చెప్దును."

ఖాలా నిజంగా విన్నదా, పిల్ల మీది జాలితో ఆ క్షణంలో అల్లిందా, నాకు తెలియదు. ఇవాళ్టి వరకు అడగలేదు. అడగను కూడా.

మర్నాడు చీకటితోనే ఆమె మా తలుపు కొట్టింది. "పువ్వు మనిషి కోసం ఆగదు. నడువుండ్రి" అంది. నాకు ఇష్టం లేదు. నా బిడ్డే ముందు అవ్వ గంప ఎత్తుకుంది. తోపులో పొగ, మత్తువాసన, నల్లటి నేల మీద తెల్లటి పువ్వు. అవ్వ చెట్టు కింద ఏరేవాళ్ళు లేక పువ్వు మీద పువ్వు పడి పరుచుకుని ఉంది. ముగ్గురం విడిపోకుండా అక్కడే వంగాం. పక్కన పువ్వు రాలినప్పుడల్లా ఎవరో అడుగు వేసినట్టు చిన్న చప్పుడు.

అప్పుడు వాగు వైపు నుంచి "కూ" అని వినబడింది.

పిట్టే అయి ఉంటుంది. ఆ వేళకు ఎన్ని పిట్టలు కూయవు? కానీ ఖాలా చేతిలో పువ్వు జారిపోయింది. నా బిడ్డ నోరు తెరిచింది. దాని నోరు మూయడానికి నా చెయ్యి లేచింది. సగం దాకా లేచి ఆగిపోయింది. అది పలకలేదు. వాగు వైపు తిరిగి నిలబడి, "అమ్మమ్మైతె మల్ల పిలుస్తది" అంది, చాలా మెల్లగా.

మేం నిలబడ్డాం. అది రెండో పిలుపు కోసం చూసినట్టు నేను నా బతుకులో ఎవరూ దేనికోసమూ చూడగా చూడలేదు. మంచు కదిలింది. వాగు మీద వెలుగు పడింది. అవతల సమాధుల తోట గోడ కనబడింది. రెండో పిలుపు రాలేదు.

అప్పుడు ఏడ్చింది నా బిడ్డ. అవ్వ పోయాక మొదటిసారి, అమ్మమ్మ పోయినందుకు ఏడ్చింది. దానితో పాటు నేనూ ఏడ్చాను. ఖాలా మమ్మల్ని ఊరుకోబెట్టలేదు. వంగి, అవ్వ గంపలోకి పువ్వు ఏరుతూనే ఉంది.

ఆ పువ్వు ఎండబెట్టి తెచ్చుకున్నాం. కరీంనగర్‌లో డబ్బా మూత తీస్తే ఇల్లంతా ఆ వాసన. వానలు పడ్డాక ఒక సాయంత్రం, బెల్లంతో దంచి ముద్దలు చేసి, లోపలి గదిలో చదువుకుంటున్న బిడ్డను పిలిచాను. జవాబు లేదు. వీధిలో ఎవరో ఎవరినో కేకేశారు. దానికీ జవాబు లేదు. నా చెయ్యి ముద్ద మీద ఆగిపోయింది. మళ్ళీ పిలిచాను.

"ఓ" అంది. పొడుగ్గా, తొందరేమీ లేకుండా, చెట్టు మీది నుంచి పలికినట్టు. అచ్చం మా అవ్వ గొంతు.